అప్రెంటిస్ స్టైపెండ్: ఆ పదిహేను వందలు ఎక్కడ ఆగుతాయి?

ఐటీఐలో ఫిట్టర్ పాసై బాలానగర్‌లోనో, గాజువాక ఆటోనగర్‌లోనో అప్రెంటిస్‌గా చేరితే, 2019 నిబంధనల లెక్కన నెలకు కనీసం 7,000 రూపాయల స్టైపెండ్ రావాలి. జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం (ఎన్‌ఏపీఎస్) కింద అందులో పావు వంతు కేంద్రం భరిస్తుంది, అదీ 1,500 దాటకుండా. 7,000లో పావు వంతంటే 1,750. పరిమితి ఉంది కాబట్టి 1,500 వస్తుంది, మిగతా 5,500 కంపెనీ ఇవ్వాలి.

మొదట్లో కంపెనీయే మొత్తం చెల్లించి, కేంద్రం వాటాను తర్వాత రాబట్టుకునేది. 2023 ఆగస్టు నుంచి ఆ వాటా నేరుగా అప్రెంటిస్ ఖాతాలో వేస్తున్నారు. మంచి మార్పే. కానీ ఇదివరకు కంపెనీ మోసిన ఎదురుచూపు ఇప్పుడు గది అద్దె కట్టుకునే కుర్రాళ్ల మీద పడింది. నెల తిరిగేసరికి 1,500 తగ్గితే వాళ్లకు మెస్ బిల్లు ఆగిపోతుంది.

డబ్బు ఆగే మొదటి చోటు కంపెనీ ఆఫీసు. తమ వాటా చెల్లించినట్టు ప్రతి నెలా ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో నమోదు చేయకపోతే కేంద్రం వాటా కదలదు. చిన్న యూనిట్లలో ఈ పని అకౌంట్స్ చూసే ఒక్కరి మీదే ఉంటుంది, జీఎస్టీ గడువు రోజుల్లో వెనకబడిపోతుంది.

రెండోది బ్యాంకు. ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. ఖాతాకు ఆధార్ ఇచ్చినంత మాత్రాన సరిపోదు, ఎన్‌పీసీఐ (జాతీయ చెల్లింపుల సంస్థ) మ్యాపింగ్‌లో, అంటే ఏ ఆధార్‌కు వచ్చే డబ్బు ఏ బ్యాంకుకు వెళ్లాలో చూపే జాబితాలో, ఆ బ్యాంకు పేరు ఉండాలి. మ్యాపింగ్ ఒక్క బ్యాంకుకే ఉంటుంది. స్కాలర్‌షిప్ కోసం ఊళ్లో తెరిచిన పాత ఖాతాకు అది ఉండిపోతే డబ్బు అక్కడికే పోతుంది. రెండేళ్లుగా లావాదేవీల్లేక ఆ ఖాతా నిద్రాణంగా ఉంటే ఇంకో చిక్కు. మైఆధార్ సైట్‌లో 'బ్యాంక్ సీడింగ్ స్టేటస్' చూస్తే రెండు నిమిషాల్లో తెలుస్తుంది. చేరిన రోజే చూసుకోవాలి. మార్చాలంటే కొత్త బ్యాంకులో సమ్మతి పత్రం ఇవ్వాలి.

కేంద్రం వాటా రాలేదని కంపెనీ తన 5,500 ఆపడానికి వీల్లేదు. స్టైపెండ్ మరుసటి నెల 10లోగా చెల్లించాలని నిబంధన ఉంది. కేంద్రం వాటాకూ అలాంటి తేదీ ఒకటి పెట్టి, ఏ మెట్టు దగ్గర ఎందుకు ఆగిందో అప్రెంటిస్ ఫోన్‌కు తెలుగులో మెసేజ్ పంపాలి. ఇప్పుడు ఆ కారణం కోసం పిల్లలు సెలవు పెట్టి, కంపెనీకీ బ్యాంకుకీ మధ్య తిరగాల్సి వస్తోంది.