నిట్టూర్పుల వంతెన కింది కాలువ

వెనిస్‌లో దీవుల మధ్య పారే సన్నని కాలువను 'రియో' అంటారు. ఒకప్పటి వెనిస్ పాలకుడైన డోజ్ రాజభవనానికీ ఒకనాటి జైలుకూ మధ్య ఉన్నది రియో డి పాలాజ్జో. సముద్రం వైపు పాల్యా వంతెన మీద నిలబడి ఉత్తరానికి చూస్తే ఎడమన రాజభవనం, కుడిన జైలు, ఎదురుగా రెండింటినీ కలుపుతూ నిట్టూర్పుల వంతెన. 1600 ప్రాంతంలో ఆంటోనియో కొంటినో కట్టాడు. బయటికి ఒకటే వంతెన. లోపల మాత్రం నడుమ గోడతో రెండు నడవలు. పాల్యా మీద జనం కిక్కిరిసి ఉంటే అవతలి కొసన కనోనికా వంతెనకు వెళ్లండి, అక్కడ కాస్త ఊపిరాడుతుంది.

గోడల అడుగున ఇస్ట్రియా రాయి (ఇస్ట్రియా ప్రాంతపు సున్నపురాయి) ఊరికే పెట్టలేదు. అది నీటిని దాదాపు పీల్చదు. ఆటుపోట్ల మట్టం పెరిగి నీళ్లు రాయి దాటి ఇటుకను తాకితేనే చిక్కు: ఉప్పునీరు లోపలికి ఎక్కుతుంది, ఆరాక ఉప్పు గడ్డకట్టి ఇటుకను పొడి పొడి చేస్తుంది. సముద్రపు పోటును అడ్డుకోవడానికి 2020 నుంచి పనిచేస్తున్న 'మోసే' (MOSE) గేట్లు పెద్ద పోటునే ఆపుతాయి, రోజువారీ తడిని కాదు.

పూడిక తీయాలంటే కాలువకు రెండు కొసలా అడ్డుకట్ట వేసి, నీళ్లు తోడేసి, బురద ఎత్తుతారు. పునాదుల మరమ్మతూ అప్పుడే. పూడిక పేరుకుంటే పాటు వేళ పడవ అడుగు తగులుతుంది. పోటు ఎక్కువైతే గొండోలా అనే సన్నని పడవ ముక్కు వంతెనకు తగులుతుంది.