సీఎస్‌ఆర్ డబ్బు కోసం టైలు కట్టుకుని వెళ్ళాం: నా అనుభవం

మా నృత్యనాటకానికి ఒక కంపెనీని సీఎస్‌ఆర్ డబ్బు, అంటే కంపెనీలు సామాజిక పనులకి ఇచ్చే డబ్బు, అడిగాం. మొన్న ఆ కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. డబ్బు మంజూరైంది, కాకపోతే మేం అడిగిన దానికి కాదు. ఇలాంటి చోట్లకి డాన్సు పట్టుకుని వెళ్ళాలనుకునేవాళ్ళకి పనికొస్తుందని, కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

మాది ఒడిశాలోని బరంపురం. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, ఆఫీసుల్లో ఏది మాట్లాడితే పనవుతుందో అది. మా బృందంలో కుర్రాళ్ళు సగంమంది ఠాకురాణి యాత్రలో పులివేషం కట్టేవాళ్ళే. రెండేళ్ళకోసారి వచ్చే అమ్మవారి యాత్ర అది. ఒళ్ళంతా పసుపు రంగు, దాని మీద నల్లచారలు, వెనక తోక, ఇక డోలు మోగిందంటే వాళ్ళని ఆపడం ఎవరి తరమూ కాదు. మా నృత్యనాటకం అక్కడే పుట్టింది. పులి మీదపడే ముందు మెడ ఎలా దించుతుంది, అడుగు ఎక్కడ ఆపుతుంది, ఎదటివాడి చుట్టూ ఎలా తిరుగుతుంది, ఆ నడకంతా తెచ్చి సూటు వేసుకున్న మేనేజరుకి పెట్టాం. ఆఫీసులో మగాడనిపించుకోవాలంటే ఎలా కూర్చోవాలి, ఎవరి ముందు గొంతు పెంచాలి, ఎవరు జోకేస్తే నవ్వాలి అన్నదే కథ. మాటలు దాదాపు లేవు. ఒక పొడుగాటి బల్ల, చక్రాల కుర్చీలు, టైలు, అంతే సామాను.

ఇలాంటిది మేమే కనిపెట్టామని చెప్పుకోను. జర్మన్ నృత్యదర్శకుడు కర్ట్ యోస్ 1932లోనే బల్ల చుట్టూ నల్లకోట్ల పెద్దమనుషుల్ని ఆడించి యుద్ధం ఎలా మొదలవుతుందో చూపించాడు. కెనడా నృత్యదర్శకురాలు క్రిస్టల్ పైట్ 2016లో బోర్డ్‌రూమ్ బల్ల చుట్టూ నలుగురిని పెట్టి, రికార్డు చేసిన మాటలకి వాళ్ళ ఒళ్ళు మెలితిప్పించింది. కానీ టై కట్టుకున్న పులిని మాత్రం మా బరంపురం కుర్రాళ్ళలా ఇంకెవరూ ఆడలేరు. ఇది గొప్ప కోసం అంటున్న మాట కాదు, వచ్చి చూడండి.

కాగితాల పని తేలిక. సొసైటీ రిజిస్ట్రేషన్, పాన్, ఆదాయపు పన్ను వాళ్ళ 12ఏ, 80జీ నమోదులు ముందునుంచీ ఉన్నాయి. 2021 ఏప్రిల్ నుంచి మనలాంటి సంస్థలకి కంపెనీలు ఆ డబ్బు ఇవ్వాలంటే కంపెనీల వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్‌ఆర్-1 అనే నమోదు ఉండాలి. మా ఆడిటరు డిజిటల్ సంతకం చేసి పంపాడు, నంబరు వచ్చింది. ఫీజు పుచ్చుకోలేదు, చేపలపులుసుతో భోజనం మాత్రం పెట్టించుకున్నాడు.

ఇక కంపెనీ. పేరు చెప్పను. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద, పరిమితి దాటిన కంపెనీలు గత మూడేళ్ళ సగటు నికరలాభంలో కనీసం 2 శాతం సామాజిక పనులకి ఖర్చుపెట్టాలి. అంటే మనం చెయ్యి చాచి ముష్టి అడగడం లేదు. ఏ పనులకి ఇవ్వొచ్చో ఆ చట్టం ఏడో షెడ్యూల్లో ఉంటుంది. అందులో కళలూ సంస్కృతీ ఉన్నాయి. కానీ ప్రోత్సాహం అన్న దగ్గరికొచ్చేసరికి సంప్రదాయ కళలు, చేతివృత్తులు అని రాసి ఉంటుంది. మీ డాన్సు సంప్రదాయమా కాదా అని ఆఫీసువాడు అడిగాడంటే ఈ లైను పట్టుకునే అడుగుతున్నాడన్నమాట. ముందే జవాబు రాసిపెట్టుకోండి.

దరఖాస్తు చూసి, "పది నిమిషాలు చేసి చూపించండి, పెద్దసారు చూస్తారు" అన్నారు. అక్కడ మొదలైంది.

గేటు దగ్గర మా అందరి మెడల్లోనూ పసుపురంగు విజిటర్ ట్యాగులు వేశారు. లోపలున్నంతసేపూ తియ్యకూడదట. టై మీద ట్యాగు, ట్యాగు తాడులో టై. డాన్సు చెయ్యాలి బాబూ, గెంతుతాం అంటే సెక్యూరిటీ అతను "రూల్ ఆజ్ఞా" అన్నాడు, ఒడియాలో రూలండీ అని. అతన్ని అని ఏం లాభం, అతని మెడలోనూ ఒకటుంది. కారిడార్లో చాలాసేపు నిలబెట్టారు. కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, కూర్చోమన్నవాడు లేడు.

గదిలోకి వెళ్తే బల్ల నేలకి బిగించేసి ఉంది. తివాచీ మీద కాలు జారదు. బల్లకీ గోడకీ మధ్య మంచమంత జాగాలో ఆడారు మావాళ్ళు. ఎగిరినప్పుడల్లా ఆ ట్యాగు గుండె మీద టపటపా కొట్టుకుంటుంటే, ఒక కుర్రాడు దాన్ని పళ్ళ మధ్య కరిచిపట్టుకుని ఆడాడు. పెద్దసారు ఫోన్ చూసుకుంటున్నాడు.

మా మూడో భాగంలో ఒక ఘట్టం ఉంది. బాసు కుర్చీ కింద మీట లాగి తన సీటు పైకి లేపుకుంటాడు. అది చూసి మిగతావాళ్ళు ఒకరి తర్వాత ఒకరు తమ సీట్లు దించుకుంటారు. అది వచ్చేసరికి ఒక చిన్న మేనేజరు ఫక్కున నవ్వాడు. నవ్వి, పెద్దసారు మొహం చూసి, నోరు మూసేశాడు. పెద్దసారు ఫోన్ పక్కన పెట్టాడు. "ఇది ఎవర్ని ఉద్దేశించి?" అన్నాడు హిందీలో. ఎవర్నీ కాదు సార్, అందర్నీ అన్నాను.

తర్వాతి ఘట్టంలో ఉద్యోగం పోయినవాడి టై ముడి ఇంకొకడు విప్పుతాడు. ఉద్యోగం పోయినవాడు ఆ విప్పినవాడి భుజం మీద తల వాలుస్తాడు. అంతే, ఇంకేం లేదు. "మగపిల్లలు ఇదేంటి, ఆడంగుల్లా. ఫ్యామిలీస్ వస్తారు కదా" అన్నాడు పెద్దసారు. అంతటితో ఊరుకోకుండా ట్యాగు కరిచిపట్టుకున్న ఆ కుర్రాణ్ణే అడిగాడు: "నువ్విలాంటివి చేస్తావని మీ ఇంట్లో తెలుసా?" యాత్రలో వాడు పులివేషంలో వస్తున్నాడంటే దారిచ్చే వీధులున్నాయి మా ఊళ్ళో. వాడు తల దించుకున్నాడు. ట్యాగు నోట్లోంచి తీసి చొక్కాకి తుడిచాడు.

నాకు ఒళ్ళు మండింది. కూచిపూడి వేదాంతం సత్యనారాయణ శర్మగారు జడ వేసుకుని సత్యభామ కడితే ఆంధ్రదేశం కళ్ళప్పగించి చూసింది సార్, 1970లో పద్మశ్రీ ఇచ్చారు అన్నాను. "ఎవరాయన?" అన్నాడు. పక్కనే సోంపేట వైపు హెచ్‌ఆర్ అబ్బాయి ఉన్నాడు, తెలుగువాడే. ఆయన పేరు తెలియకుండా ఉండదు. బల్లకేసి చూస్తూ కూర్చున్నాడు. బయటికొచ్చాక మాత్రం "అన్నా, ఏమనుకోకండి" అని తెలుగులో అన్నాడు. ఏమీ అనుకోకుండా ఎలా ఉంటాం తమ్ముడూ?

అసలుది ఇంకా ఉంది. వీళ్ళు పులి ఆడతారట కదా, అదొకసారి చూపించమన్నారు. డోలు లేదు, రంగు లేదు. వద్దురా అని నేననేలోపే కుర్రాళ్ళు లేచారు. పెద్దవాళ్ళు అడిగితే కాదనడం వాళ్ళకి ఇంట్లో నేర్పలేదు. ఒకాయన బల్ల మీద అరచేతుల్తో దరువేశాడు. మావాళ్ళు టైలతో, ట్యాగులతో తివాచీ మీద పులులయ్యారు. గదంతా ఫోన్లు లేచాయి. అప్పటిదాకా పది నిమిషాలు ఆడిందీ ఆ పులే. అప్పుడు ఒక్క చప్పట్లేదు, ఇప్పుడు ఈలలు. పెద్దసారు లేచి మరీ కొట్టాడు.

ఆ ఈలల ఫలితమే ఈ ఉత్తరం. "పులినృత్య శిక్షణ శిబిరం"కి డబ్బు మంజూరు, సంప్రదాయ కళల పద్దు కింద. మేం అలాంటి దరఖాస్తే పెట్టలేదు, పేరు వాళ్ళే పెట్టారు. బ్యానర్ మీద లోగో ఎంత పెద్దదుండాలో కూడా రాశారు. తీసుకున్నాం. తిప్పి మొహాన కొట్టాల్సింది అని ఇద్దరు మిత్రులు ఉపన్యాసమిచ్చారు. డోలుకి కొత్త చర్మం వేయించడానికి ఎంతవుతుందో వాళ్ళనెప్పుడూ ఎవరూ అడగలేదు లెండి. పిల్లలు నేర్చుకుంటారు, నేర్పేవాళ్ళకి నాలుగు రూపాయలొస్తాయి.

వెళ్ళేవాళ్ళకి నా మాట: కుర్రాళ్ళని తీసుకెళ్ళకండి. వీడియో తీసి పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి. లేదు, చేసే చూపించాలి అంటే మీ రిహార్సల్‌కి రమ్మనండి. రాకపోతే పోనీండి. షెడ్యూల్లో ఏ అంశం కింద పరిశీలిస్తున్నారో ముందే మెయిల్లో అడిగి రాయించుకోండి.

నాటకం మాత్రం టికెట్ పెట్టి మేమే వేసుకుంటున్నాం. హాలు దొరికింది. పోలీస్ స్టేషన్లో పని ఇట్టే అయిపోయింది. రాత్రి పది దాటితే మైకు కుదరదన్నారు. శబ్దకాలుష్యం నియమాలు 2000 ప్రింటు తీసుకెళ్ళి, తలుపులు మూసిన ఆడిటోరియం లోపలి వరకు మినహాయింపు ఉన్న లైను చూపించాను. చదువుకుని ముద్ర వేశారు. టై విప్పే ఘట్టం అలాగే ఉంది, పైగా కాస్త పెంచాం. మెడలో ట్యాగులు కూడా చేర్చాం, అది ఆ కుర్రాడి ఆలోచనే. కంపెనీవాళ్ళకి పాసులు పంపలేదు. టికెట్ వంద రూపాయలు, కొనుక్కుని రావచ్చు.