టొబర్మొరీ నీళ్లలో ఆలిస్ జి

కెనడాలోని టొరంటో నుంచి దాదాపు 300 కిలోమీటర్లు వెళితే, హ్యూరన్ సరస్సులోకి చొచ్చుకెళ్లిన బ్రూస్ ద్వీపకల్పం కొసన టొబర్మొరీ అనే ఊరు ఉంటుంది. అక్కడికి వెళ్లినవాళ్లంతా అద్దాల అడుగున్న పడవెక్కి స్వీప్‌స్టేక్స్ అనే మునిగిన ఓడను చూస్తారు. మేమూ చూశాం. 1867లో కట్టిన తెరచాప ఓడ అది. 1885లో కోవ్ ద్వీపం దగ్గర దెబ్బతింటే ఒక టగ్ బోటు దాన్ని బిగ్ టబ్ రేవుకు లాక్కొచ్చింది. అయినా దక్కలేదు, అక్కడే మునిగింది. ఇప్పటికీ పైనుంచి దాని చెక్కలు స్పష్టంగా కనిపిస్తాయి.

నా మనసు మాత్రం దాన్ని లాక్కొచ్చిన ఆ టగ్ మీదకే పోయింది. పెద్ద ఓడలు ఇక్కట్లలో పడితే తాడు అందించినవి ఇవే కదా! అలాంటి ఆవిరి టగ్ ఒకటి, ఆలిస్ జి, లిటిల్ టబ్ రేవు దగ్గర ఒడ్డుకు ఈతదూరంలోనే ఉంది. 1927లో మునిగింది. చుట్టుపక్కల మరో మూడు టగ్గుల శిథిలాలూ ఉన్నాయి. అద్దాల పడవ దగ్గరున్న జనంలో పదోవంతు కూడా ఇక్కడ లేరు. నాకది చాలా అన్యాయం అనిపించింది.

"గ్లౌజులు కూడా వేసుకో అక్కా, వేళ్లు కొంకర్లు పోతాయి" అన్నాడు తమ్ముడు. ఆగస్టు ఎండ మాడు పగలగొడుతున్నా, ముఖం నీళ్లలో పెట్టగానే నుదురు జివ్వుమంది. కాస్త ఈదితే కింద చెక్కలు కనిపించాయి. తుప్పెక్కిన ఇనుప చీల చుట్టూ కలప నల్లబడింది. పలకల అంచుల వెంట గోరంత జీబ్రా ఆల్చిప్పలు గుత్తులుగా పట్టాయి. వాటి మీదుగా ఓ చేప తాపీగా వెళ్లింది. అదే మన సముద్రమైతే ఉప్పునీటి పురుగులు ఈపాటికి చెక్కను తొలిచి పిండి చేసేవి. ఈ చల్లటి మంచినీళ్లలో ఆ పురుగు బతకదు. అందుకే ఇన్నేళ్ల తర్వాత కూడా రంపం పెట్టి కోసిన అంచు పోల్చుకోగలిగాను. ఎవరో వడ్రంగి చేతిపని అది.

ఈ చోటు కూడా భాగమైన, 1987లో ఏర్పడిన ఫాథమ్ ఫైవ్ జాతీయ సముద్ర ఉద్యానంలో (పేరు అలా ఉన్నా, ఉన్నది సరస్సులోనే) ఇరవైకి పైగా ఓడల శిథిలాలున్నాయి. చిన్న చీల కూడా తీసుకెళ్లకూడదు. మంచి నిబంధన.

ఈత బాగా వచ్చినవాళ్లు అద్దాల పడవతో సరిపెట్టుకోకుండా ఇటు కూడా ఒక గంట కేటాయించండి. చలి ఆపే ఈత దుస్తులు, అంటే వెట్‌సూట్ లేకుండా దిగొద్దు. రేవులోకి పడవలు వస్తూ పోతూ ఉంటాయి, తోడు లేకుండా అసలే వద్దు.