రిపోర్టులన్నీ నార్మల్, నేను మాత్రం సీలింగ్ దగ్గర

నాకప్పుడు 12 ఏళ్లు. టీచర్ బోర్డు మీద లెక్క మొదలుపెట్టడం వరకు గుర్తుండేది, మళ్ళీ చూస్తే అందరూ బ్యాగులు సర్దుకుంటున్నారు, మధ్యలో ఏమైందో తెలీదు కానీ నోట్సు రాసి ఉంటుంది, నా చేతిరాతే. ఇంట్లో కూడా అంతే, కళ్ళు తెరిచే ఉండేదాన్నట, అమ్మ ఎంత పిలిచినా పలికేదాన్ని కాదట. ఇప్పుడే కదా చెప్పా అంటే నాకు చెప్పలేదు అనేదాన్ని. అబద్ధాలు మరిగింది అని పేరొచ్చింది.

మొదట చూసిన డాక్టర్ ఫిట్స్ అన్నారు. మందుకి నిద్ర పట్టడం తప్ప ఏం మారలేదు. మెదడు తరంగాలు చూసే ఈఈజీ, ఎమ్మారై, షుగర్, థైరాయిడ్ అన్నీ నార్మల్. నార్మల్ వచ్చేసరికి ఇంట్లో ఇంకో అర్థం తీశారు, అంటే ఇదంతా నాటకమే కదా అని.

తర్వాత పిల్లల సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపారు. ఆవిడ ముందు ఎంతసేపు ఉంటోందో గడియారం చూసి రాయమన్నారు. పిల్లలకి వచ్చే ఆబ్సెన్స్ ఫిట్స్, అంటే పడిపోకుండా శూన్యంలోకి చూస్తూ ఉండిపోయేవి, మామూలుగా 10, 20 సెకన్లలో అయిపోతాయట, నావేమో 20 నిమిషాలు, ఒక్కోసారి అరగంట. అయినా ఫిట్స్ కాదని అప్పుడే తేల్చలేదు, ఒక్క ఈఈజీ నార్మల్ వస్తే మూర్ఛ లేనట్టు కాదు, అది వస్తున్నప్పుడే రికార్డ్ అవ్వాలి అని, కెమెరా కూడా పెట్టి ఎక్కువసేపు తీసే వీడియో ఈఈజీ రాశారు. అమ్మకి 20 ప్రశ్నల కాగితం ఇచ్చారు, ఒక్కోదానికి 0, 1, 2 వేయాలి, మొత్తం 12 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే ఇంకా లోతుగా చూస్తారట. నాకు 30 ప్రశ్నలు. అద్దంలో నువ్వు నీలా అనిపించవా లాంటివి ఉన్నాయి అందులో, అది చదివి ఏడ్చేశా, ఇంకెవరికో కూడా ఇలా ఉండబట్టే కదా అచ్చేశారు!

నన్ను ఒక్కదాన్నే కూర్చోబెట్టి, ఇంట్లో గానీ బయట గానీ ఎవరైనా బాధపెడుతున్నారా అని కూడా అడిగారు. నాన్నకి చాలా కోపం వచ్చింది. కానీ అది అడగకపోతే ఆ డాక్టర్ సగం పనే చేసినట్టు అని ఇప్పుడనిపిస్తుంది.

వీడియో ఈఈజీలో మొదటి రోజు 3 నిమిషాలు గట్టిగా ఊపిరి తీయించారు, లైట్లు మినుకుమినుకుమనిపించారు, ఏం రాలేదు. రెండో రోజు తల మీద ఒక వైరు ఊడితే టెక్నీషియన్ వచ్చి స్పిరిట్ దూదితో తుడిచారు. ఆ వాసనకి వెళ్ళిపోయా. 18 నిమిషాలు. కెమెరా ఉంది, వైర్లున్నాయి, మెదడు తరంగాలు మాత్రం మెలకువగా ఉన్న మనిషివే, అంటే అది ఫిట్స్ కాదు.

డాక్టర్ నాతో ఒకటే అడిగారు: "అప్పుడు ఎక్కడున్నావమ్మా?"

"సీలింగ్ దగ్గర. చిన్నప్పుడు కూడా అక్కడికే వెళ్ళేదాన్ని."

అయిదేళ్ళప్పుడు వేడినీళ్ళు పడి కాలిపోయింది నాకు, రోజూ డ్రెస్సింగ్ మార్చేటప్పుడు నలుగురు పట్టుకునేవాళ్ళు. చిన్నప్పటిదే కదా, మర్చిపోయుంటుంది అని ఏ డాక్టర్‌కీ ఇంట్లో చెప్పలేదు పాపం.

డిసోసియేటివ్ డిజార్డర్ అన్నారు. తట్టుకోలేనప్పుడు మనసు పక్కకి తప్పుకోవడం అలవాటైపోయి, అవసరం లేనప్పుడు కూడా తప్పుకుంటోందట. దీన్ని పోగొట్టే మాత్ర ఏదీ లేదట, ఫిట్స్ మందు కూడా ఒక్కసారిగా ఆపకుండా మెల్లగా తగ్గించారు. థెరపీ దాదాపు రెండేళ్ళు. కంటికి కనిపించే అయిదు వస్తువుల పేర్లు చెప్పు అంటే మొదట్లో నవ్వొచ్చేది. అమ్మకి కూడా నేర్పారు, కుదపకుండా, అరవకుండా, ఇది మనిల్లు, నేను అమ్మని, ఇవాళ ఫలానా రోజు అని మెల్లగా చెప్పడం. అదే ఎక్కువ పనిచేసిందనుకుంటా. స్పిరిట్ వాసనకి అలవాటు పడటం అన్నిటికంటే చివర్న, ముందు మూత పెట్టిన సీసా దూరంగా పెట్టి మొదలెట్టాం.

పోయిన నెల రక్త పరీక్షకి వెళ్ళా. నర్సు దూది తడుపుతుంటే ఒక్క నిమిషం ఆగండి అని మడమలు నేలకి నొక్కి పట్టా. సీలింగ్‌కి ఫ్యాన్ ఉంది, రెక్కల మీద బోలెడు దుమ్ము. కిందనుంచే చూశా.