కౌలు చేను తుపానులో పోతే డబ్బు ఎవరికి పడుతుంది: నా అనుభవం

2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మా ఊరు ఆ చుట్టుపక్కలే. నేను చేసేది మూడెకరాల మాగాణి, అంతా కౌలుదే, వేసింది బీపీటీ 5204 రకం వరి. కొంత కోసి పనల మీద ఉంది, మిగతాది కోతకు వచ్చి ఉంది. మర్నాడు వెళ్లి చూస్తే నిలబడ్డదంతా చాప పరిచినట్టు పడిపోయింది, పనలు నీళ్లలో నానుతున్నాయి.

గట్లు తెగ్గొట్టాం గానీ మురుగు కాలవే నిండుగా ఉంటే చేలో నీళ్లు ఎక్కడికి పోతాయి? నీళ్లు తీశాక, వ్యవసాయ శాఖ వాళ్లు చెప్పినట్టు లీటరు నీళ్లకు 50 గ్రాముల ఉప్పు కలిపి పనల మీద కొట్టాం, మొలక రాకుండా. పైనున్న కంకులకు బాగానే పనిచేసింది. అడుగున నేలకు ఆనుకున్న వాటికి మాత్రం అప్పటికే తెల్లటి మొలకలు వచ్చేశాయి, ఆ వడ్లు ఎవరు కొంటారు?

ఇక అసలు టెన్షన్ నష్టం రాయించుకోవడం. ఊళ్లో వ్యవసాయ సహాయకుడు అడిగే మొదటి ప్రశ్న ఎంత పోయిందని కాదు, ఈ-క్రాప్‌లో, అంటే ప్రభుత్వ పంట నమోదులో, ఎవరి పేరుందని. నా మూడెకరాల్లో రెండు ఒక ఆసామివి, ఆయన సంతకం పెట్టాడు కాబట్టి నాకు సీసీఆర్‌సీ కార్డు (కౌలు రైతుకిచ్చే పంట సాగు హక్కు పత్రం) వచ్చింది, పంట నా పేరున ఎక్కింది. మూడో ఎకరం ఆసామి హైదరాబాద్‌లో ఉంటాడు. "బాబాయ్, ఆ కార్డు పదకొండు నెలలే, పంట మీదే హక్కు, భూమి మీద కాదు" అని ఎంత చెప్పినా "వద్దులే అబ్బాయ్, రేపు ఏ గొడవ వస్తుందో" అనేశాడు. ఆ ఎకరం ఆయన పేరునే ఎక్కింది. మా వైపు సగం కౌళ్లు ఇలా నోటి మాట మీదే నడుస్తాయి.

ఇంకో చిక్కు ఉంది. పంట 33 శాతానికి పైగా పోతేనే లెక్కలోకి తీసుకుంటారు, అదీ చేలో కనిపించాలి. కోత మిషన్ పెట్టి దక్కింది దక్కించుకుందామంటే ఫొటో తీయడానికి ఏమీ మిగలదు, వాళ్లొచ్చేదాకా ఆగితే ఉన్న గింజ కూడా మొలకెత్తుతుంది. నేను పనలు తిరగేసి గట్ల మీద ఆరబెట్టుకుని, పడిపోయిన చేను మాత్రం కదపకుండా ఉంచాను. సహాయకుడు మంచివాడే, వచ్చి చేలో నిలబెట్టి ఫొటో తీశాడు. పాపం, ఆయన ఒక్కడికీ ఊరంతా చేలే.

తర్వాత జాబితా గోడకు అంటించారు. చాలామంది పేరుందో లేదో చూసి వెళ్లిపోయారు, సర్వే నంబరూ విస్తీర్ణమూ కూడా చూడాలి. నా రెండెకరాలకు అందులో ఎకరం ఇరవై సెంట్లే పడింది. కార్డు జిరాక్స్ పెట్టి అభ్యంతరం రాసిచ్చాను, సరిచేశారు. ఆ పనిలో పనిగా బ్యాంకుకెళ్లి ఆధార్‌కు ఏ ఖాతా లింకయి ఉందో కనుక్కున్నాను. డబ్బు మనం చెప్పిన ఖాతాలో కాదు, ఆధార్‌కు చివరగా లింకయిన దాంట్లో పడుతుంది. మా పక్క చేను అతనికి ఎప్పుడో తెరిచి వదిలేసిన ఖాతాలో పడితే పాస్‌బుక్ కోసం ఇల్లంతా వెతుక్కున్నాడు.

మార్చిలో ఇన్‌పుట్ సబ్సిడీ, అంటే పంట నష్టానికి ప్రభుత్వం ఇచ్చే సాయం, పడింది. అప్పట్లో వరికి హెక్టారుకు 17,000 రూపాయలు, అంటే ఎకరాకు ఏడు వేల లోపే. పెట్టుబడిలో అది ఏ మూలకు? అయినా వచ్చే పంటకు విత్తనాలు, దుక్కి ఖర్చు వెళ్లాయి. హైదరాబాద్ ఆసామికి ఫోన్ చేస్తే, తన ఖాతాలో పడిన మాట నిజమే అన్నాడు. డబ్బు పంపలేదు గానీ ఆ ఏడాది కౌలులో రెండు బస్తాలు తగ్గించాడు. సంతకం సంగతి అడిగితే సంక్రాంతికి వచ్చినప్పుడు చూద్దాం అన్నాడు.