మాటని ముంజేతికి దింపే పట్టీ: నాలుగు బ్యాండ్‌లతో ఇప్పటిదాకా

మాటని చెవితో కాకుండా ముంజేతి మీద మోటార్ల వణుకుగా తెలుసుకునే పట్టీ ఒకటి చేస్తున్నా. చర్మం 250 హెర్ట్జ్ (సెకనుకి 250 కంపనాలు) చుట్టుపక్కల వణుకుని బాగా పసిగడుతుంది, 1000 దాటాక దాదాపు ఏమీ తెలియదు. ‘స’ బలమంతా 4000 పైన ఉంటుంది కాబట్టి మైక్ సిగ్నల్‌ని నేరుగా మోటార్‌కి ఇస్తే సగం మాట గల్లంతే. అందుకే పాత వోకోడర్ పద్ధతి పట్టుకున్నా: మాటని బ్యాండ్‌లుగా, అంటే ఫ్రీక్వెన్సీ ముక్కలుగా విడగొట్టి, ఒక్కోదాంట్లో ఎంత బలం ఉందో అది మాత్రమే తీసుకుని, ఆ బలంతో ఒక్కో మోటార్‌ని దాని సొంత ఫ్రీక్వెన్సీలోనే ఆడించడం.

లెక్కలు చేసే చిన్న బోర్డు ఈఎస్‌పీ32, మైక్ ఐఎన్‌ఎంపీ441, శబ్దాన్ని కొలిచే వేగం (శాంప్లింగ్) 16 కిలోహెర్ట్జ్. బ్యాండ్‌లు 100–400, 400–1000, 1000–2500, 3500–7000 హెర్ట్జ్. బ్యాండ్‌ని విడదీసే బైక్వాడ్ ఫిల్టర్ తర్వాత రెక్టిఫై (మైనస్ విలువల్ని ప్లస్ చేయడం), బలం ఎలా మారుతోందో మాత్రమే మిగిల్చే 30 హెర్ట్జ్ లో-పాస్, ఆపైన పెద్ద శబ్దాల్ని తగ్గించి చిన్నవాటిని పైకి తెచ్చే లాగ్ కంప్రెషన్. ఈ కంప్రెషన్ తీసేస్తే అచ్చులు చెయ్యి అదరగొడతాయి, స, శ ఉన్నాయో లేవో కూడా తెలీదు. మోటార్లని నడిపే డీఆర్‌వీ2605ఎల్ డ్రైవర్ చిప్‌లన్నిటికీ అడ్రస్ ఒకటే, మార్చడానికి వీల్లేదు, కాబట్టి బోర్డు ఒక్కోదానితో విడిగా మాట్లాడేలా మధ్యలో టీసీఏ9548ఏ అనే స్విచ్ చిప్ తప్పదు.

ఎనిమిది బ్యాండ్‌లు ఎందుకు పెట్టలేదని అడుగుతారేమో. ముంజేతి మీద రెండు చోట్లు వేరువేరుగా తెలియాలంటే మధ్యలో దాదాపు 4 సెంటీమీటర్లు ఉండాలి, ఎనిమిదీ అక్కడ ఇరికిస్తే అంతా ఒకటే గిలిగింత. నా లెక్కలో నాలుగు స్పష్టంగా తెలిస్తే చాలు.

అసలు పరీక్ష పాట, బాట, మాట. పెదాలు చూస్తే మూడూ ఒకటే. ‘బాట’లో పెదాలు విడవకముందే గొంతు మోగుతుంది కదా, మొదటి మోటార్ కాస్త ముందుగా లేస్తుంది, ‘మాట’లో ఇంకా గట్టిగా లేస్తుంది, ‘పాట’లో అన్నీ ఒకేసారి. మా చెల్లి చెవులకి హెడ్‌ఫోన్స్‌లో పెద్దగా పాటలు పెట్టి పట్టీ కడితే ‘పాట’ని వెంటనే పట్టేసింది, మిగతా రెండిటి దగ్గర ఇంకా తడబడుతోంది. మోటార్ ముందుగా లేవడంలో ఈ తేడా సెకనులో పదో వంతో, అంతకన్నా తక్కువో. ఫోన్లలో ఉండే పాత రకం తిరిగే మోటార్లు పుంజుకోవడానికే అంత సమయం తీసుకుంటాయి, అందుకే కాస్త ఖర్చయినా తిరగకుండా ముందుకీ వెనక్కీ ఊగే ఎల్‌ఆర్‌ఏ రకమే కొనండి.

విశాఖ ఉక్కపోతకి టేపు నిలవదు, చెమటకి జారిపోతుంది. వెల్‌క్రో పట్టీకి లోపలివైపు కుట్టించా, టైలర్ వింతగా చూశాడనుకోండి.

ఆర్కే బీచ్‌లో మాత్రం అలల హోరుకి నాలుగు మోటార్లూ ఆగకుండా మోగుతున్నాయి. ఒక్కో బ్యాండ్‌కీ విడిగా నేపథ్య శబ్దం కొలిచి, దాన్ని మించినదే పంపేలా కోడ్ మారుస్తున్నా.