ఆ ట్యాగులో మా పిన్ని ఇంకా మేడ మీదే ఉంది

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. బుడమేరు వాగు నీళ్లు విజయవాడ సింగ్ నగర్‌లోకి వచ్చేశాయని పొద్దున్నే పిన్ని ఫోన్ చేసింది. "ఓనర్ వాళ్ల మేడ మీదికి ఎక్కేశాం, నువ్వేం కంగారు పడకు" అంది. మధ్యాహ్నానికి పిన్ని ఫోనూ, బాబాయి ఫోనూ స్విచాఫ్. అక్కడ కరెంటు లేదు మరి. నేనేమో బెంగళూరులో.

ట్విట్టర్ తెరిచి (పేరు మారిందిలెండి, నా నోటికి మాత్రం మారలేదు) విజయవాడ ఫ్లడ్స్ అని రెండు మాటలూ కలిపి, ముందు # పెట్టి హ్యాష్‌ట్యాగ్‌గా కొట్టాను. మొదటి వీడియోలోనే ఒక ఆటో బొమ్మలా కొట్టుకుపోతోంది. గుండె ఆగినంత పనైంది. మళ్లీ చూస్తే వెనక షాపు బోర్డు తమిళంలో ఉంది! ఏ ఏడాది వరదో, ఏ ఊరో.

సోమవారం ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. పడవలు కొట్టుకొచ్చి గేట్లని గుద్దాయి. ఇక ట్యాగు నిండా బ్యారేజీయే. దాని మధ్యలో మీ పార్టీ, మా పార్టీ అంటూ తిట్లు. మా వాళ్లని ముంచిందేమో బుడమేరు.

అప్పటికి కాస్త తెలివొచ్చింది. 'టాప్' వదిలేసి 'లేటెస్ట్'లోకి వెళ్లాను. టాప్‌లో లైకులు ఎక్కువొచ్చినవి పైకి వస్తాయి, గంటలు గడిచినవైనా సరే. ఊరి పేరు మానేసి పాయకాపురం, వాంబే కాలనీ, సింగ్ నగర్ అని వెతికాను, ఇంగ్లీషులో ఎన్ని స్పెల్లింగులు తోస్తే అన్ని. నిజంగా అక్కడున్నవాళ్లు రాసేది పొట్టిగా, తప్పులతో ఉంటుంది. 'ఫ్లైఓవర్ దిగాక రెండో సందు, నడుము లోతు.' అంతే. అలాంటివి నాలుగైదే దొరికాయి. మునిగినవాళ్ల ఫోన్లలో చార్జింగ్ ఉంటేగా!

హ్యాష్‌ట్యాగ్ వాడదామని క్రిస్ మెస్సినా అనే ఆయన ట్విట్టర్‌లో మొదట అన్నది 2007 ఆగస్టులో. అదే అక్టోబర్‌లో శాండియాగోలో అడవులు తగలబడినప్పుడు జనం దాన్ని నిజంగా పనిలో పెట్టారు. అంటే పుట్టిన రెండు నెలలకే దానికి ఆపద కబుర్లు మోసే పని పడిందన్నమాట.

నేనూ ఒక పోస్ట్ పెట్టాను. పిన్ని వాళ్ల వీధి, ఎంతమంది ఉన్నారు, నా నంబర్. సోమవారం సాయంత్రం వాళ్లని పడవలో ఫ్లైఓవర్ దాకా తెచ్చారు, అక్కణ్ణుంచి బంధువుల ఇంటికి. 'వచ్చేశారు, థాంక్స్' అని పోస్ట్ కింద రాసి పడుకున్నాను. పోస్ట్ తీసేయాలని తోచనే లేదు. తోచినా లాభం ఉండేది కాదేమో, అప్పటికే దాన్ని ఎవరో స్క్రీన్‌షాట్ తీసి తిప్పుతున్నారు. అందులో నా 'వచ్చేశారు' ఎక్కడుంటుంది?

మంగళవారం ఎనిమిది ఫోన్లొచ్చాయి. బుధవారం పొద్దున ఎవరో కుర్రాడు. "అక్కా, పడవ దొరికింది. మీ పిన్నిగారు వాళ్లు ఇంకా మేడ మీదే ఉన్నారా?" ఏం చెప్పాలో తెలియక లైన్లో ఉండమని, ఇంకో ఫోన్లో పిన్నికి చేశాను. ఉప్మా తింటోంది.

"పడవ వెనక్కి పంపకే! మా సందు చివర ఇస్త్రీ బండి ఆయన వాళ్లు ఇంకా అక్కడే ఉన్నారు. వాళ్లది డబ్బా ఫోను, ఎవరికి చెప్పుకుంటారు? వాటర్ ట్యాంక్ వెనక సందని చెప్పు."

చెప్పాను. "లొకేషన్ పెట్టండక్కా" అన్నాడు.